స్వార్జితం

"సంతకం పెట్టేముందు ఇంకోసారి ఆలోచించుకోండి. మీ బావగారు కోర్టుకు రాకుండా ఎగ్గొడితే మీ బిల్డింగ్ పోతుంది" అన్నాడు లాయరు.

టైల్స్ వ్యాపారి పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. కోర్టు వరండాలో గడియారం నాలుగూ పది చూపిస్తోంది. ఐదు దాటితే ఆఫీసు మూస్తారు. రేపటి నుంచి పదిహేను రోజులు సెలవులు.

"ఆలోచించడానికి టైమెక్కడుందండీ?" అంది వ్యాపారి అక్క. "ఆయన లోపలికెళ్ళి మూడు నెలలైంది. మొన్న బెయిలొచ్చిందంటే ఎగిరి గంతేశాం. తీరా చూస్తే జామీనిచ్చే మనిషే లేడు."

ఆమె భర్త బిల్డరు. ఫ్లాట్ల కోసం జనం కట్టిన డబ్బును ఊరూ పేరూ లేని కంపెనీల్లో తిప్పి భూములు కొన్నాడని మనీ లాండరింగ్ కేసు. అతని ఆస్తులు, భాగస్వాముల ఆస్తులు అన్నీ జప్తులో ఉన్నాయి. రెండు కోట్ల విలువైన, ఏ మచ్చా లేని ఆస్తి జామీనుగా పెడితేనే విడుదల. బెయిలు దొరకడం ఒక ఎత్తు, ఆ ఆస్తి దొరకడం ఒక ఎత్తు అయింది. పెదనాన్న కొడుకు ఫోనెత్తడం మానేశాడు. వేలువిడిచిన మేనమామకు ఉన్నట్టుండి బీపీ పెరిగింది. ఇక మిగిలింది తమ్ముడి మూడంతస్తుల షోరూం.

"తమ్ముడూ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఊరుకో అక్కా, నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ. ఈ మూడు నెలల్లో చూడనిదేముంది?"

"షోరూం జామీనుగా పెడుతున్నామని బావకు చెప్పావా?"

"నిన్న ములాఖత్‌లో చెప్పాను. 'వాడు పెడతాడు, పెట్టక ఏం చేస్తాడు' అన్నారు."

"అంతేనా?"

"అంతే."

వ్యాపారి పెన్ను మూత తీసి, మూడు పేజీల మీదా గబగబా సంతకాలు చేశాడు.

కోర్టు హాల్లో కాగితాలు జడ్జి బల్ల మీదికి చేరీ చేరగానే దర్యాప్తు అధికారి లేచాడు.

"అభ్యంతరం ఉందండి. ఈయన నిందితుడికి స్వయానా బామ్మర్ది. ఆ బిల్డింగ్ ఎవరి డబ్బుతో కొన్నారో ముందు తేలాలి."

అక్క బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. జడ్జి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"జామీనుదారును బోనులోకి రమ్మనండి."

వ్యాపారి బోనెక్కాడు. ఫ్యాను నెత్తిమీదే తిరుగుతున్నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

"ఏం చేస్తుంటారు?"

"టైల్సు, బాత్‌రూం సామాను అమ్ముతానండి. పద్దెనిమిదేళ్ళుగా."

"బిల్డింగ్ ఎప్పుడు కొన్నారు?"

"ఆరేళ్ళయిందండి."

"టైల్సులో అంత మిగులుతుందా?"

"లారీలో వంద పెట్టెలొస్తే ఆరు పగిలే వస్తాయండి. ఆ ఆరింటి నష్టం మిగతా తొంభై నాలుగింటి మీద వేసుకుంటాం. ఏదీ వదులుకోకుండా వేసుకుంటూ పోతే మిగులుతుందండి."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. జడ్జి నవ్వలేదు. లాయరు అందించిన ఆదాయపు పన్ను కాగితాలు, బ్యాంకు కాగితాలు ఒక్కొక్కటే తిరగేశాడు. అధికారి కూడా మెడ సాచి చూశాడు. అతనికి పట్టుకోవడానికి ఏమీ దొరకలేదు. గడియారం మాత్రం నాలుగూ నలభై దాటింది.

"సూటిగా అడుగుతున్నాను. మీ బావగారి డబ్బు ఇందులో ఒక్క రూపాయైనా ఉందా? ఉందని రేపెప్పుడైనా తేలితే ఆయన బెయిలు రద్దవుతుంది. మీరూ లోపలికి వెళ్తారు."

వ్యాపారి అక్క వైపు చూశాడు. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు గడియారం మీద ఉన్నాయి. చెప్పమన్నట్టు తల ఆడించింది.

"లేదండి. అంతా నా స్వార్జితం" అన్నాడు.

"ఆ మాటే చేత్తో రాసి సంతకం పెట్టండి."

రాశాడు. అక్షరాలు వంకర్లు పోయాయి. ఐదుకు ఆరు నిమిషాలుందనగా జామీను మీద కోర్టు ముద్ర పడింది. అధికారి అఫిడవిట్ నకలు ఒకటి అడిగి తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఏడు కాకముందే జైలు గేటు పక్కనున్న చిన్న తలుపు తెరుచుకుంది. బిల్డరు ప్లాస్టిక్ సంచితో బయటికొచ్చాడు. చొక్కా వదులైంది గానీ గొంతు మాత్రం పాతదే. భార్య ఏడుస్తుంటే భుజం తట్టి, బామ్మర్ది తెచ్చిన కారులో ముందు సీట్లో కూర్చున్నాడు.

"ఏరా, బోనులో తెగ వణికావంటగా!"

"వణికాను బావా."

"ఎందుకురా అంత భయం? పోతే నా సొమ్ము పోతుంది, నీదేం పోతుంది?"

"మెల్లగా మాట్లాడండి" అంది వెనకనుంచి అక్క.

బిల్డరు అద్దం పైకెత్తి గొంతు తగ్గించాడు. "మీ అక్క చెప్పిందీ నిజమే. రోజులు బాగా లేవు. నా డబ్బుతో కొన్న ఆస్తుల్లో వాళ్ళ కంట పడకుండా మిగిలింది నీ పేరు మీదున్న ఆ బిల్డింగ్ ఒక్కటే. అది నాదేనని రేపొక కాగితం మీద రాసి, సంతకం పెట్టివ్వు. నా దగ్గరుంటుంది."

వ్యాపారి తాపీగా కారు స్టార్ట్ చేశాడు.

"అది నాదేనని జడ్జిగారి ముందు ఇందాకే రాసి సంతకం పెట్టేశాను బావా, కాదనుకుంటే సెలవులు కాగానే కోర్టు తీస్తారు, నువ్వే వెళ్ళి చెప్పు."