కార్డు వచ్చిన గంటలో

పోస్టు పెట్టె మీద దమారిస్ పేరు మళ్లీ లేదు.

ఆ భవనం కింది అంతస్తులో బ్యూటీ పార్లర్ నడిపే నూరిస్ అది చూసి నడుం మీద చెయ్యి వేసుకుంది. నిన్న పొద్దున మొగుడు రదామెస్ పేరు కింద ఎర్ర అక్షరాలతో అంటించి ఉంది. ఇవాళ గోళ్లతో గీకిన జిగురు మరక మిగిలింది.

మా డొమినికన్ ఆడవాళ్లకి పెళ్లయినా పుట్టింటి పేరే. ఈ బ్రాంక్స్‌లోనేమో పెట్టె మీద పేరు లేకపోతే పోస్టుమాన్ కవరు వెనక్కి పంపేస్తాడు. దమారిస్‌కి వీసా వచ్చింది, విమానమెక్కి మొగుడి దగ్గరికి వచ్చింది. ఇక గ్రీన్ కార్డు ఒక్కటే పోస్టులో రావాలి. అది రాకుండా చేస్తున్నదెవరో నూరిస్‌కి తెలుసు. పెట్టె తాళంచెవి మెడలో వేసుకు తిరిగేది అత్తగారు ఒటీలియా; పెద్దావిడని అందరూ మర్యాదగా డోన్యా అంటారు.

మర్నాడు తెల్లవారుతూనే దొరికిపోయింది ముసలమ్మ. పెట్టె ముందు నిలబడి ఉంది. చేతిలో ఎర్ర అక్షరాల కాగితం, వేళ్లకి తడి జిగురు.

“ఏం డోన్యా, ఆ పిల్ల పేరు మీకేం అడ్డమొచ్చింది?”

“నా పెట్టె, నా తాళంచెవి. నువ్వెళ్లి నీ జుట్లు చూసుకో.”

“కార్డు తిరిగి పోతే దాని గతేం కావాలి?”

“ఎందుకు పోతుంది? పోనిస్తానా?” ఒటీలియా చేతికర్రతో నేల మీద ఒక్క పోటు పొడిచింది. “కార్డు వచ్చిన గంటలో దాన్ని ఈ ఇంట్లోంచి పంపించేస్తా. కావాలంటే ఊరంతా చాటుకో.”

నూరిస్ చాటింది. తలనిండా రోలర్లు పెట్టుకుని డ్రయ్యర్ల కింద కూర్చున్న ఆడవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు.

“పాపం రదామెస్. మెత్తటి మనిషి. నా సంచులు మోసుకొచ్చి మరీ గుమ్మంలో పెడతాడు.”

“తల్లికి ఎదురు చెప్పలేడు. కార్డుకేం తొందర, నేను లేనా అంటాడు. పెళ్లాం పాస్‌పోర్టు కూడా తన జేబులోనే భద్రంగా పెట్టుకున్నాడట.”

నూరిస్ ఉండేది సరిగ్గా వాళ్ల కింది వాటాలోనే. గట్టిగా అరిచిన మాటలన్నీ వినబడుతుంటాయి. రదామెస్ పని నుంచి వచ్చి తలుపు వేశాడో లేదో, ముసలమ్మకి ఎక్కడలేని కాళ్ల నొప్పులు మొదలు. “దమారిస్, వచ్చి కాళ్లు పట్టు” అని ఒకటే కేక. కొడుకు నిద్రపోయేదాకా కోడల్ని తన గదిలోంచి కదలనివ్వదు. కొత్త దంపతుల్ని పక్కపక్కన కూర్చోనివ్వని అత్తలుంటారని విన్నాం గానీ, మరీ ఇంత పచ్చిగానా అని నూరిస్ ఒళ్లు మండిపోయేది.

పగలేమో ఇంకో వేధింపు. వీధి చివర కొట్టులో అరటికాయలు గుట్టలుగా ఉంటాయి. అయినా సరే రెండు రైళ్లు మారి ఆ చివరి సంతకి పోయి తెమ్మంటుంది. భాష రాని పిల్ల. దారి తప్పి ఏడుస్తూ వస్తే, “రేపు మళ్లీ వెళ్లు. దారి తప్పకుండా వచ్చేదాకా వెళ్లు” అంటుంది.

ఒకరోజు మనసాగక నూరిస్ దమారిస్‌ని లోపలికి పిలిచింది. “ఊరికే తలంటుతాను, కూర్చోవే” అంది. వేళ్లు తలకి తగిలాయో లేదో ఆ పిల్ల ఉలిక్కిపడి లేచిపోయింది.

“వద్దక్కా. ఇంకోసారి.”

తలంటుకోవడానికి కూడా అత్తగారి అనుమతి కావాలి కాబోలు అనుకుంది నూరిస్. మనసులో ముసలమ్మని తిట్టని తిట్టు లేదు.

కార్డు శనివారం వచ్చింది. పార్లర్ కిటకిటలాడుతోంది. అద్దంలోంచి అందరూ చూస్తుండగానే ఒటీలియా పెట్టె తెరిచింది, కవరు చింపింది, కార్డు మీద ఫొటోని ఎండకి పట్టి చూసుకుంది. మోకాళ్ల నొప్పుల మనిషి గబగబా మెట్లెక్కింది.

అన్నంత పనీ చేసింది. గంట కాకముందే ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో కోడలి రెక్క పట్టుకుని దిగింది. బయట టాక్సీ ఆగి ఉంది. దమారిస్ వెక్కివెక్కి ఏడుస్తోంది.

నూరిస్ దువ్వెనని ఎవరి జుట్టులోనో అలాగే వదిలేసి పరుగెత్తింది.

“నా దుకాణం ముందు ఆడపిల్లని వీధిపాలు చేస్తే చూస్తూ ఊరుకోను డోన్యా. ఇప్పుడే రదామెస్‌కి ఫోన్ చేస్తాను.”

దమారిస్ ఆమె చేతిలోంచి ఫోన్ లాక్కుంది. “నీకు దణ్ణం పెడతానక్కా, చెయ్యకు.”

ముసలమ్మ కోడల్ని టాక్సీలోకి తోసింది. “ప్రావిడెన్స్ ఊళ్లో మా చెల్లెలు బస్సు దగ్గర నిలబడి ఉంటుంది. రైలు మారడం వచ్చుగా? ఏడుపు మాని పో” అంది. దమారిస్ అద్దం దించి ఏదో అనబోయింది. “పో” అని మళ్లీ కసిరింది.

టాక్సీ మలుపు తిరిగింది. ఒటీలియా పార్లర్‌లోంచి ఒక కుర్చీ ఈడ్చుకొచ్చింది, భవనం గుమ్మానికి అడ్డంగా వేసింది, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రదామెస్ వచ్చే వేళయింది.

నూరిస్ కుర్చీ పక్కకి వచ్చి నిలబడింది. “సిగ్గు లేదూ మీకు? నా పెళ్లాం ఏదని కొడుకు అడిగితే ఏ మొహం పెట్టుకుని చెబుతారు?”

ఒటీలియా వీధి మీంచి చూపు తిప్పలేదు.

“వాడి బాబు నన్ను చావబాదినన్నాళ్లూ నన్నిలా బండెక్కించిన మనిషి లేదు, కానీ వాడు బాదిన ఈ పిల్ల జాడ కావాలంటే ముందు నన్ను బాదాలని చెబుతాను.”