మూడు ఊపిరుల తర్వాత

వంతెనకి ఇరవై గజాల ముందు బస్సు ఆగిపోయింది.

ఇంజను బాగానే ఉంది. బాగాలేనిది డ్రైవరే. చేతులు చల్లబడ్డాయి. గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటోంది.

"ఏంటి బావా, మళ్లీనా?" కండక్టరు వంగి చెవిలో అడిగాడు. అతను డ్రైవరు భార్యకి సొంత తమ్ముడు.

"రెండు నిమిషాలాగరా."

"డ్రైవర్ గారూ, నిద్రొస్తే దిగి పడుకోండి. మేం తోసుకుపోతాం!" వెనకనుంచి ఎవరో అరిచారు.

బస్సంతా నవ్వింది. డ్రైవరు మాత్రం స్టీరింగు మీద చేతులుంచి తన ఊపిరిని గమనించాడు. ఒకటి. రెండు. మూడు.

గేరు వేశాడు. బస్సు వంతెన దాటింది.

ఈ విద్య మూడేళ్ల కిందట ఆస్పత్రిలో నేర్చుకున్నదే. ఎనిమిది వారాల తరగతి. భయంతో బతకలేనివాళ్లు పదకొండు మంది గుండ్రంగా కూర్చుని ఊపిరి మీద ధ్యాస పెట్టాలి. అక్కడ సొంత పేరు చెప్పకూడదు. దేనికి భయపడితే అదే పేరు. ఒకాయన లిఫ్ట్. ఒకావిడ ఫోన్. పిల్లల్ని గడగడలాడించే లెక్కల మాస్టారు బల్లి! ఇతను వంతెన.

ఆఖరి రోజు అందరూ ఆ పేర్లే, పక్కన తమ నంబర్లూ ఒక కాగితం మీద రాసి తలా ఒక కాపీ తీసుకున్నారు. ఇతను తనది మడిచి లైసెన్సు కవరులో పెట్టాడు. మళ్లీ తీస్తే ఒట్టు.

తర్వాత ఆస్పత్రినుంచి నెలకోసారి ఫోను వచ్చేది. ఒక మగ గొంతు, నాలుగు ప్రశ్నలు. ఎన్నిసార్లు భయం వేసింది? ఎంతసేపు? అప్పుడేం చేశారు? రోజూ సాధన చేస్తున్నారా?

కొన్నాళ్లకి గొంతు మారింది. నంబరూ మారింది.

"ఇకనుంచి నేను అడుగుతానండీ," అంది ఒకావిడ.

ఆ నంబరుకి 'ఆస్పత్రి' అని పేరు పెట్టుకున్నాడు.

ఆవిడతో ఒక్కటే తంటా. ఫోను ఎత్తగానే ముందు ఊపిరి చప్పుడు. మూడుసార్లు. ఆ తర్వాతే మాట.

"నిద్రపోయారా మేడం?"

"లేదండీ. రాసుకుంటున్నా."

"ఎన్నాళ్లు చేస్తారు ఈ ఫోన్లు?"

"మీరు ఎత్తినన్నాళ్లూ."

భార్యకి కూడా చెప్పుకోనివి ఆవిడకి చెప్పుకున్నాడు. ఆ సాయంత్రం ఫోను వచ్చినప్పుడు వంతెన ముందు బస్సు ఆగిన సంగతీ చెప్పాడు.

"ఎంతసేపు ఆగారండీ?"

"రెండు నిమిషాలు. కిందటేడు పావుగంట పట్టేది."

"మరి బస్సు ఎవరు దాటించారు?"

"ఇంకెవరు? నేనే!"

"అది కూడా రాసుకుంటున్నానండీ." ఆవిడ నవ్వినట్టే ఉంది.

ఆ తర్వాత నాలుగో రోజు డిపో మేనేజరు పిలిచాడు.

"నీకేదో భయం జబ్బట కదా. రేపట్నుంచి టైర్ల స్టోర్లో కూర్చో."

"ఎవరు చెప్పారు సార్?"

"నీ మంచి కోరేవాళ్లే."

పద్దెనిమిదేళ్లు పట్టుకున్న స్టీరింగు! తను చెప్పుకున్నది ఒక్క మనిషికే.

మొదటిసారి తనే ఆ నంబరుకి చేశాడు. చాలాసేపు మోగాక ఆవిడ ఎత్తింది.

"నమ్మి చెప్పుకుంటే నా పొట్టకొడతారా?"

ఊపిరి చప్పుడు. ఒకటి. రెండు. మూడు.

"నేనెవరికీ చెప్పలేదండీ..."

"నోర్ముయ్! భయమంటే ఏంటో నీకేం తెలుసు? కుర్చీలో కూర్చుని రాసుకోవడమేగా! ఇంకోసారి చేశావంటే మర్యాద దక్కదు. ఫోను ముట్టుకోవాలంటేనే వణుకు పుట్టాలి నీకు!"

మళ్లీ ఊపిరి చప్పుడు. ఒకటి. రెండు.

మూడోది వినిపించలేదు. లైను తెగిపోయింది.

నెల తిరిగింది. ఫోను రాలేదు. పీడా పోయిందనుకున్నాడు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర బావమరిది బయటపడ్డాడు.

"కోప్పడకు బావా. మేనేజరుకి నేనే చెప్పా. బస్సులో నలభై మంది. నీకేమైనా అయితే అక్క ఏమైపోవాలి?"

"నాతో ఒక్క మాట అనలేకపోయావురా?"

"అంటే నువ్వు దిగుతావా?"

కంచం పక్కకి నెట్టేశాడు. ఆరేళ్లుగా ఒకే బస్సు, ఒకే క్యారేజీలో తిండి. వెన్నుపోటు పొడిచింది ఇంటి మనిషి. తను తిట్టింది ఎవరినో.

మర్నాడు సెలవు పెట్టి ఆస్పత్రికి పరిగెత్తాడు.

"మూడేళ్ల నా జవాబులు కావాలి సార్," అన్నాడు గుమాస్తాతో. "పావుగంట భయం రెండు నిమిషాలకి తగ్గిందని మీ దగ్గర రాసుంది. చూపిస్తే మళ్లీ బండి ఇస్తారు. ఆ ఫోను చేసే మేడం ఎక్కడ కూర్చుంటారు? ఆవిడ కాళ్లు పట్టుకోవాలి."

గుమాస్తా ఫైలు తిరగేశాడు.

"మీవి ఆరు నెలలవే ఉన్నాయండీ. తర్వాత మేం ఎవరికీ ఫోన్లు చేయలేదు."

"నెలనెలా అడుగుతామన్నారుగా!"

"అన్నాం. ఆరు నెలలకి బాగా పనిచేసిందని రిపోర్టు రాసేశారు. అక్కడితో ఆపేశారు. ఆ తర్వాత ఎవరు ఏమయ్యారో మాకూ తెలీదు."

"మరి ఈ రెండేళ్ల పైచిలుకూ నన్ను అడిగిందెవరు?"

"మావాళ్లు మాత్రం కాదు."

మెట్ల మీద కూలబడి ఆ నంబరు నొక్కాడు. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. పదిసార్లు చేశాడు. అవతల ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు గుర్తొచ్చింది లైసెన్సు కవరు. కాగితం మడతల దగ్గర చిరిగింది. వేలు పెట్టి ఒక్కో నంబరూ చూసుకుంటూ వచ్చాడు. తొమ్మిదో వరసలో వేలు ఆగింది.

ఎనిమిది వారాల్లో ఒక్కసారీ నోరు విప్పని, ఎవరి జేబులో చిన్న మోత వినిపించినా చెవులు మూసుకుని గది బయటికి పరిగెత్తిన ఆ మనిషి, వణికే అక్షరాలతో తన నంబరు పక్కన రాసుకున్న పేరు, ఫోన్.