ఏడు దాటితే ముద్ద లేదు

కాటా మీద నిలబడ్డ హైందవి పిక్కల మీద బెత్తం చెళ్ళుమంది.

“యాభై కిలోల ఆరొందల గ్రాములు. నిన్నటికంటె రెండొందలు ఎక్కువ. రాత్రి ఏం మెక్కినవ్?” అన్నాడు కోచ్ రాఘవేందర్.

ఏమీ తినలేదని హైందవి చెప్పడం ఆ వారంలో అది నాలుగోసారి. నమ్మితే కదా! అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్ పైన రేకుల షెడ్డులో నడిచే ఆ బాక్సింగ్ క్యాంపుకి రాఘవేందర్ మాటే శాసనం. సాయంత్రం ఏడు దాటితే ముద్ద ముట్టకూడదు. రాత్రి తిన్నది తెల్లారేసరికి ఒళ్ళయి కూర్చుంటుందని అతని సిద్ధాంతం. ఎంత తిన్నామన్నదే ముఖ్యం గాని ఎప్పుడు తిన్నామన్నది కాదని తోటి బాక్సర్ మధులత ఒకసారి నోరు జారితే, ఆమె చేత వంద గుంజిళ్ళు తీయించాడు.

మర్నాడే పంజాగుట్టలో, యాభై కిలోల విభాగంలో ఆమెకి సెలక్షన్. కాటా ముల్లు యాభై దాటితే హైందవిని రింగులోకి రానివ్వరు. గెలిస్తే రాష్ట్ర జట్టు, దాని వెనకే ఉద్యోగం. తల్లి ఉదయలక్ష్మి చీరల షాపులో పొద్దస్తమానం నిలబడి కాళ్ళు వాచిపోయి ఇంటికొస్తుంది. ఆమెని కూర్చోబెట్టి తిండి పెట్టాలంటే హైందవికి ఇంకో దారి లేదు.

ఇది చాలదన్నట్టు వంటింటి దొంగతనం ఒకటి. పొద్దుటి పరుగు అయ్యాక పెట్టడానికి, క్యాంపు అమ్మాయిలుండే మధురానగర్ హాస్టల్లో వంటామె మంగవ్వ రాత్రే పెరుగన్నం కలిపి ఉంచుతుంది. పది రోజులుగా తెల్లారేసరికి గిన్నె సగానికి వస్తోంది. బరువు పెరిగింది హైందవి ఒక్కతే కాబట్టి దొంగ కూడా ఆమేనని రాఘవేందర్ తేల్చేశాడు.

“ఇయ్యాల సాయంత్రం లోపల దొంగ దొరకాలె. లేకుంటే పెట్టె సర్దుకో,” అన్నాడు.

హైందవికి ఒళ్ళు మండిపోయింది. చెయ్యని తప్పుకి దెబ్బలు తినడమే గాక గెంటించుకోవాలా? తిన్నగా హాస్టల్‌కి పోయి గదులన్నీ గాలించింది. మంచాలు తిరగేసింది. మధులత పెట్టె తాళం పగలగొట్టి, అడ్డమొచ్చినందుకు ఆమెని గోడకేసి కొట్టింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. చివరికి తన గదిలోనే, పక్కమంచం దిండు కింద, మెతుకులంటిన తడి తువ్వాలు కనబడింది.

ఆ మంచం ధాత్రిది. పద్దెనిమిదేళ్ళ పిల్ల, సిద్దిపేట వైపు నుంచి వచ్చింది. అక్కా అక్కా అంటూ హైందవి కొంగు పట్టుకుని తిరిగేది. నలభై ఎనిమిది కిలోల విభాగంలో మర్నాడు దానికీ సెలక్షన్ ఉంది. కొన్నాళ్ళుగా కళ్ళు ఎర్రబడి, జోగుతూ ప్రాక్టీసుకి వస్తోంది. రాత్రుళ్ళు ఏం వెలగబెడుతోందో హైందవికి ఇప్పుడు అర్థమైంది. ధాత్రి చెయ్యి మెలిపెట్టి, ఆటోలో కుదేసి, తువ్వాలుతో సహా షెడ్డుకి లాక్కొచ్చింది.

“చెప్పు. గిన్నెలో చెయ్యి పెట్టింది ఎవరు?”

ధాత్రి తువ్వాలునీ హైందవినీ మార్చి మార్చి చూసింది. తర్వాత కోచ్ వైపు తిరిగింది.

“నేనే తిన్న సార్. అక్కకు ఏం ఎర్క లేదు. అక్కను పంపియ్యకుండ్రి.”

రాఘవేందర్ దాన్ని కాటా ఎక్కించాడు. నలభై ఏడు. నెలనాటి బరువే. పది రోజులు రాత్రిపూట తిన్నది గింజంత కూడా పెరగలేదేమిటని అతను తల గోక్కున్నాడు.

“చూశారా సార్? రాత్రి తింటే ఒళ్ళొస్తుందన్నది ఒట్టిమాట. దొంగతిండి తిన్నది పుల్లలా ఉంది. నోరు కట్టుకున్న నేను పెరిగాను,” అంది హైందవి.

ఎవరైనా ఎదురు చెబితే కోచ్‌కి కోపమొస్తుంది. ఆ క్యాంపులో తగవు వస్తే రింగులోనే తీర్చుకోవాలి, తలకి రక్షణ లేకుండా, మూడు రౌండ్లు. గ్లవ్స్ రెండు జతలు వాళ్ళ మీదికి విసిరాడు.

మొదటి గుద్దుకే ధాత్రి పెదవి చిట్లింది. అది చేతులెత్తలేదు. కాచుకోమని హైందవి అరిచినా ఎత్తలేదు. దాంతో ఆమెకి కసి ఇంకా రేగింది. పక్కటెముకల మీద గుద్దింది, కడుపులో గుద్దింది, కిందపడితే జబ్బ పట్టి లేపి మరీ గుద్దింది. నమ్మించి గొంతు కోసినందుకు ఒకటి, ఒంటి మీద తేలిన బెత్తం వాతలకి ఇంకొకటి. రెండో రౌండులో ముక్కు విరిగిన చప్పుడు షెడ్డంతా వినబడింది. మధులత చూడలేక బయటికి వెళ్ళిపోయింది. నేల మీద రక్తం జారుడుగా అయ్యాక గాని రాఘవేందర్ విజిల్ ఊదలేదు.

సెలక్షన్‌కి రానక్కర్లేదు, ఊరికి పొమ్మని ధాత్రికి చెప్పేశాడు. ముక్కుకి గుడ్డ అదుముకుని, సంచీ భుజాన వేసుకున్న ధాత్రి గుమ్మం దగ్గర ఆగింది.

“ఇయ్యాల రాత్రి ఒక్కదానివే పండుకోకు అక్కా.”

“ఏంటి, బెదిరిస్తున్నావా?”

ధాత్రి ఏదో చెప్పబోయింది. కోచ్ అక్కడే నిలబడి ఉండటం చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హైందవి రెండు స్వెట్టర్లు తొడుక్కుని బేగంపేట దాకా పరుగెత్తి వచ్చింది. చుక్క నీళ్ళు తాగలేదు. ఏడింటికి కాటా ఎక్కితే సరిగ్గా యాభై తూగింది. రాఘవేందర్ మొదటిసారి ఆమె భుజం తట్టాడు. ధాత్రి మాట మెట్ల మీంచి విన్న మధులత, పొద్దుటి దెబ్బ మరిచి, తోడు పడుకోమంటావా అని అడిగితే, దొంగ పోయిందిగా, ఇంకెవరికి భయపడాలని హైందవి నవ్వేసింది. కడుపు కాలుతున్నా పదింటికల్లా నిద్రపట్టేసింది.

ఐదింటికి విజిల్ వినబడి లేచింది. సెలక్షన్ గుర్తొచ్చి, హుషారుగా ముఖం తుడుచుకోబోయి ఆగిపోయింది.

చేతికీ మూతికీ పెరుగన్నం ఎండిపోయి ఉంది. తడి తువ్వాలుతో తుడవడానికి పక్కమంచంలో ధాత్రి లేదు.