చింతచిగురు రొయ్యల మీద చర్చ

పుణ్యవతి ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో చేరిన రోజే స్వాగతాలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. అన్నీ యంత్రాలు పంపినవే. ఆమె ఏం రాసినా అవి క్షణంలో అక్షరదోషాలు సరిదిద్ది, ధన్యవాదాలు చెప్పి వెళ్ళిపోయేవి. అక్కడ మనిషన్నవాడు ఉన్నాడో లేడో ఆమెకు అంతుపట్టలేదు.

"అన్నం ఉడికిందండీ," అంది వంటింట్లోంచి పొయ్యి.

"ఉడికితే ఆరిపో, నాకెందుకు చెప్పడం?" అని కసిరింది పుణ్యవతి.

ఆ కసితోనే చింతచిగురు రొయ్యల వ్యాసం తెరిచి, కూరలో చింతపండు పులుసు కూడా పొయ్యాలని కావాలనే రాసింది. నాలుక లేని యంత్రాలు దానికీ ధన్యవాదాలు చెప్పాయి.

కొన్నాళ్ళకు ఆ వ్యాసం చర్చా పేజీలో ఒక మాట కనిపించింది.

"ఎవరండీ ఇది రాసింది? చిగురే పులుపైతే మళ్ళీ చింతపండెందుకు? అసలెప్పుడైనా గరిటె పట్టారా మీరు? - తాతారావు, యానాం."

పుణ్యవతి దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుంది. యంత్రాలకు ఇంత కోపం రాదు. ఇతనెవరో మనిషే.

"తాతారావు గారు చెప్పిందే సరైనది. మీరు ఒప్పుకుంటే చర్చ ముగుస్తుంది. ముగించమంటారా?" అని తెర మీద యంత్రం అడిగింది.

"నువ్వు నోరు మూసుకో," అని పుణ్యవతి గబగబా జవాబు రాసింది.

"మా ఇంట్లో అందరం అలాగే తింటామండీ. మీ ఇంట్లో ఎలా వండుతారో చెప్పండి చూద్దాం."

ఆ ఇంట్లో అందరూ అంటే ఆమె, పొయ్యి.