వంకలరాయుడు

మధ్యాహ్నం పబ్బు తలుపు తీసీ తీయగానే మొదట లోపలికొచ్చేది అతనే.

వంటింటి కిటికీ పక్కనున్న బల్ల దగ్గర కూర్చుంటాడు. చిన్న కప్పు సూప్, ఆ పూట కూర ఏదుంటే అది కాస్త తెమ్మంటాడు. ఒక్క చెంచా నోట్లో పెట్టుకుంటాడు. ఇక మొదలు.

"సూప్ చప్పగా ఏడ్చింది. ఉప్పు వెయ్యడం మరిచిపోయారా? కూరలో మిరియాలు మాత్రం దంచి పోశారు. లోపల చెప్పండి."

చెప్పక్కర్లేదు. ఆ గొంతు వంటింటికే కాదు, వీధి మలుపు దాకా వినిపిస్తుంది. తినేది చారెడు, తిట్టేది బారెడు. వడ్డించే అమ్మాయి అతనికి వంకలరాయుడని పేరు పెట్టింది. ఆమె యజమానికి మేనకోడలు, నోట్లో నువ్వుగింజ నానదు. దాంతో పేట పేటంతా అతన్ని ఆ పేరుతోనే పిలవడం మొదలుపెట్టింది.

చిత్రమేమిటంటే, అతని తర్వాత వచ్చినవాళ్లెవరూ పల్లెత్తు మాట అనరు. గిన్నె అడుగు కనిపించేదాకా తిని, ఇంకాస్త తెమ్మంటారు. ఒకరోజు అతను అరిచి వెళ్లాక, యజమాని ఉండబట్టలేక వంటింట్లోకి వెళ్లి సూప్ తనే తాగి చూశాడు. ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఆ మనిషి కావాలనే గోల చేస్తున్నాడని తేలిపోయేసరికి యజమానికి ఒళ్లు మండిపోయింది.

"రేపట్నుంచి వాణ్ణి రానివ్వనమ్మా. మీరెందుకు పడాలి?" అన్నాడు వంటావిడతో.

"వద్దు సార్. తినడానికొచ్చిన మనిషిని పొమ్మంటే ఏం బావుంటుంది?" అందామె. ఆమె ఏనాడూ ఆ మనిషికి ఎదురు చెప్పింది లేదు. కిటికీలోంచి తలూపి ఊరుకునేది. ఆ ఓర్పు చూసి అందరూ జాలిపడేవారు.

ఇంతలో పక్కవీధిలో మెరిసే దీపాలతో ఇంకో పబ్బు వెలిసింది. ఇక్కడ కుర్చీలు ఖాళీ అయ్యాయి. బీరు పంపులు పొద్దంతా పొడిగా ఉంటున్నాయి. యజమాని మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. చివరికి కాళ్లావేళ్లా పడి, దగ్గర్లోని ఒక ఆఫీసువాళ్లు ఒక పూట భోజనానికి వచ్చేలా ఒప్పించుకున్నాడు. నచ్చితే వారం వారం వస్తామన్నారు వాళ్లు.

"నచ్చకపోతే వంటిల్లు మూసేస్తానమ్మా. బీరొక్కటే పోసుకుంటాను. మీకు ముందే చెబుతున్నా," అన్నాడు, వాళ్లు వచ్చే రోజు పొద్దున్నే వంటింట్లోకొచ్చి.

వంటావిడ గుండెల్లో రాయి పడింది. మొగుడి పని పోయి చాలాకాలమైంది. ఇద్దరు పిల్లల చదువులూ, ఇంటి అద్దే, అన్నీ ఈ గరిటె మీదే నడుస్తున్నాయి.

"ఇంకో మాట. ఇవాళ ఆ వంకలరాయుడు గడప తొక్కడానికి వీల్లేదు. వాళ్ల ముందు నోరు పారేసుకున్నాడంటే మన పని గోవిందా."

ఆమె చేతిలో ఉల్లిపాయ జారి కింద పడింది. "సార్, ఇవాళ ఒక్కరోజు రానివ్వండి. మీకు దణ్ణం పెడతాను."

"మీకు మతి పోయిందా?" అని అతను వెళ్లి గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

వంకలరాయుడు రానే వచ్చాడు. బయట వాన. గొడుగు లేదు. లోపలికి పోనివ్వనంటే, అరవలేదు, తిట్టలేదు. అదే విడ్డూరం. చేతులు జోడించాడు.

"ఒక్క చెంచా సూప్ ఇప్పించండి. ఇక్కడే నిలబడి తాగి పోతాను."

"ఇవాళ కాదు. అసలింకెప్పుడూ రావద్దు," అని యజమాని తలుపు వేసేశాడు.

ఇదంతా వంటావిడ కిటికీలోంచి చూస్తూనే ఉంది. తిరిగి పొయ్యి దగ్గరకొచ్చేసరికి ఉప్పు డబ్బా మూత తీసి ఉంది. సూప్‌లో ఉప్పు వేసిందో లేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. 

ఆఫీసువాళ్లు బిలబిలమంటూ వచ్చి కూర్చున్నారు.

"అక్కా, సూప్ పోసివ్వు. అడుగుతున్నారు," అంది వడ్డించే అమ్మాయి.

"ఆగమ్మా."

"ఇంకెంతసేపక్కా? మావయ్య చంపేస్తాడు."

వంటావిడ గరిటెడు సూప్ గిన్నెలో పోసుకుని, పెరటి తలుపు తీసి సందులోకి పరుగెత్తింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఆ నోరు ఊరుకుంటుందా, నేరుగా మావయ్య దగ్గరికి పోయింది.

యజమాని వచ్చేసరికి, సందులో చెత్తడబ్బాల పక్కన వంకలరాయుడు తడుస్తూ నిలబడి గిన్నెలో సూప్ తాగుతున్నాడు. వంటావిడ ప్రాణాలన్నీ కళ్లలో పెట్టుకుని అతని మొహంలోకి చూస్తోంది.

"ఉప్పు రెండుసార్లు పడింది. నీళ్లు పోసి, నాలుగు బంగాళాదుంపలు ఉడికించి వెయ్యి. త్వరగా," అంటున్నాడతను.

యజమాని అతని చొక్కా పట్టుకున్నాడు. "లోపల నా పబ్బు మునిగిపోతుంటే ఇక్కడ వీడికి విందు చేస్తున్నారా? ఇవాళ కూడా వంకలేనా వీడికి? అసలు ఎవడమ్మా వీడు మీకు?"

వంటావిడ ఇద్దరి మధ్యకూ వచ్చి యజమాని చెయ్యి విడిపించింది.

"మా ఆయన సార్, ఆమధ్య జ్వరమొచ్చి తగ్గిన దగ్గర్నుంచి నా నాలుకకి ఉప్పూ కారం తెలియడం లేదు, ఇన్నాళ్లూ ఈయన తిట్లు విని దిద్దుకున్న వంటే మీ అందరికీ పెడుతున్నాను."