రెండుసార్లు కట్టిన రిబ్బను

క్రీస్తుదాసుకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా పాత ఇనుము పిచ్చి. ఎక్కడ ముక్క కనిపించినా తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు ఇంటికి ఎత్తుకొస్తాడు. విశ్రాంతమ్మ మొగుడితో కంటే తుప్పుతోనే ఎక్కువ కాపురం చేసింది.

మ్యూజియం ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రమూ అంతే. వంకర తిరిగిన సైలెన్సరూ, దానికి వేలాడుతూ రెండు స్ప్రింగులూ.

"గదేందయ్యా?"

"నీకెందుకే? ముట్టకు. దాంతోని పనుంది."

తెల్లారాక ఆ మాటకు అర్థమే మారిపోయింది. సారపాక అవతల కొత్తగా కట్టిన మోడరన్ ఆర్ట్ మ్యూజియానికి క్రీస్తుదాసు వాచ్‌మన్. ప్రారంభోత్సవానికి పట్టుచీర కట్టుకుని వెళ్లిన ఆమెకు ఎదురైంది శిల్పి చందర్ ఏడుపు. పుట్టింది పినపాకలోనే అయినా, హైదరాబాద్‌లో పిలక పెంచాక అతని ఏడుపు కూడా కళగానే ఉంది.

"నా ‘అడవి ఆత్మ’ పోయింది సార్! ఇనుముకు ప్రాణం పోసిన! పెట్టె తెరిస్తే ఖాళీ! మేకులు పీకి మళ్ల కొట్టిండ్రు!"

ప్రారంభం దాకా ఆ పెట్టె ఎవరూ తెరవొద్దని అతనే షరతు పెట్టాడు. బందోబస్తుకొచ్చిన ఎస్సై చూపు తిన్నగా వాచ్‌మన్ మీద వాలింది.

"ఫంక్షన్ కానియ్. అయినంక నిన్ను జీపెక్కిస్త."

"నాకేం తెల్వద్ సార్," అన్నాడు క్రీస్తుదాసు. ఆ అమాయకపు మొహాన్ని విశ్రాంతమ్మ ప్రతి ఇనుపముక్క వెనకా చూసింది. చప్పుడు చేయకుండా ఇంటికి పరుగెత్తి, స్ప్రింగులతో సహా ఆ సైలెన్సరును బియ్యం సంచిలో వేసుకొచ్చింది.

అప్పటికే ముఖ్య అతిథి రిబ్బను కత్తిరించేశాడు. కానీ ఫొటోలో ఆయన మొహానికి దండ అడ్డొచ్చిందట. తెగిన రిబ్బనుకు ముడేసి మళ్లీ కట్టారు. ఆయన మళ్లీ నవ్వాడు. జనమంతా ఆ నవ్వును చూస్తుండగా, విశ్రాంతమ్మ వెనక తలుపులోంచి దూరి, దిమ్మె మీద అడవి ఆత్మను నిలబెట్టి, ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది.

దాన్ని చూసి చందర్ కొయ్యబారిపోయాడు.

"ఇదేనా?" అన్నాడు ఎస్సై.

చందర్ కెమెరాలను చూశాడు, ముఖ్య అతిథిని చూశాడు. "అవ్ సార్, గిదే!" అని కావలించుకున్నాడు.

ముఖ్య అతిథి స్ప్రింగును వేలితో ఊపాడు. "అడవి బాధంతా ఇందులనే ఉన్నది. మా ఇంటి ముందుకు గిసుంటిదే ఇంకోటి చెయ్!"

చప్పట్లు మోగాయి.

ఇంటికొచ్చాక విశ్రాంతమ్మ మొగుణ్ని ఉతికి ఆరేసింది. "ఆఖరికి మ్యూజియంల గూడ చెయ్యి పెట్టినవా?"

"దొంగతనమేందే! మణుగూరు పాత సామాన్ల కొట్ల కొన్న. కోళ్లగూటి తలుపుకు స్ప్రింగ్ కావాలని."

"చేసినోడే నాదని కావలించుకున్నంక, ఇంకా బొంకుతవేందయ్యా?"

వాకిట్లో ఎవరో దగ్గారు. చందర్. పిలక ముడి విడిపోయి ఉంది.

"అక్కా, సంచి పట్టుకొని వెనక తలుపుల నుంచి నువ్వు పోవుడు చూసిన. గా సామాను ఏడ దొరికిందో జర చెప్పు, గసుంటిదే ఇంకోటి కావాలె."

"నువ్వు చేసినదాని సంగతి నన్నడుగుతవేంది?"

చందర్ ఇద్దరినీ చూసి తల దించుకున్నాడు.

"తప్పయింది అక్కా, బావను తిట్టకు... నేను బొమ్మ చెయ్యనే లేదు, ఖాళీ పెట్టెకే మేకులు కొట్టి తెచ్చిన."