పేర్లు అడిగే మనిషి

"సారూ, ఇయ్యాల ఎవరెవరి పేర్లు పిలుస్తరు?"

లేబర్ ఆఫీసు కిటికీల నుంచి ఓ ముసలాయన తొంగిచూసి అడిగిండు.

గుమస్తా జలపతి తలెత్తిండు.

పనిల దెబ్బ తాకినోళ్లకు, పానం పోయినోళ్ల ఇంటోళ్లకు నష్టపరిహారం ఇప్పించే కేసులు ఆ ఆఫీసుల నడుస్తయి. ప్రతి సోమవారం పేషీ. బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తడు. ఎవరూ పలుకకపోతే జలపతి 'రాలేదు' అని రాస్తడు, ఆఫీసరు సంతకం పెడ్తడు. కేసు అక్కడితోటి ఖతం.

"నీ కేసున్నదా?"

"నాకు కేసు లేదు సారు."

"మరి నీకెందుకు గీ పేర్లు?"

ముసలాయన ఉత్తగ నవ్విండు.

జలపతి చదివిన పేర్లు విని బస్టాండుకు ఉరికిండు. సిరిసిల్ల బస్సు దిగిన రత్నమాలను వెంటబెట్టుకొని వచ్చిండు. బట్టలు నేసే సాంచ నడుపంగ కరెంటు షాకు కొట్టి ఆమె పెనిమిటి సచ్చిపోయిండు. ఆఫీసు యాడున్నదో తెల్వక ఆమె వేరే తొవ్వ పట్టిందట. పేరు పిలిచే యాళ్లకు లోపల నిలవడ్డది.

పై సోమవారం మళ్ల వచ్చిండు. ఆ పై సోమవారం గూడ. పేరు సమ్మయ్య అని ఒక్కటే తెలిసింది.

జలపతికి లోపల పురుగు తొలిచినట్టయింది. బంట్రోతు రాములును అడిగిండు.

"ఎవరు రా గీయన?"

"పోలీసుల మనిషని కొందరంటుండ్రు సారు. తుపాకి పట్టి అడవిల అన్నలల్ల తిరిగినోడని ఇంకొందరు."

"వకీలు కాడ కమీషన్ తింటడేమో?"

"ఎవరు పోయించినా ఒక్క చాయ్ తాగడు సారు."

ఓ సోమవారం అన్నలు బంద్ పిలుపిచ్చిండ్రు. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. సమ్మయ్య సైకిల్ తొక్కుకుంట వచ్చిండు. అంగి చెమటకు పిండేటట్టున్నది.

రుద్రంగి ఊరి గంగవ్వ పేరు మూడుసార్లు పిలిచిండ్రు. జలపతి కలం ఎత్తిండు.

"ఆగుండ్రి సారు!" సమ్మయ్య లోపలికి దూసుకొచ్చిండు. "బస్సుల్లేవు. సంకల పసిపోరితోటి ఆమె ఎట్లొస్తది?"

"చెప్పటానికి నువ్వెవరివి?" ఆఫీసరు గుర్రుమన్నడు.

"ఎవరినైతేంది సారు? మొగడు పోయినామె. రానిది ఆమె తప్పా, రోడ్డు తప్పా?"

ఆఫీసరు జలపతి దిక్కు తిరిగిండు.

"ఇంకో తారీఖు రాయి జలపతీ."

సమ్మయ్య కదలలే.

"గిట్ల బంద్ నాడు పోయిన కేసులు ఎన్నున్నయో సారు. వాటిని మళ్ల వినొచ్చునా అని పైకి ఒక్క ముక్క రాయుండ్రి."

"నువ్వు మాకు కొలువు నేర్పుతున్నవా?" అని నవ్విండు ఆఫీసరు. గని ఆ వారమే రాసిండు.

జవాబు వచ్చేసరికి ఆరు నెలలైంది. బంద్ రోజులల్ల కొట్టేసినయన్నీ మళ్ల తెరువుమన్నరు. ఇగ నుంచి వారం ముందే ఊరూరికి పేర్లు పంపుమన్నరు.

జలపతి ఆ కాయితం పట్టుకొని వరండలకు ఉరికిండు. ముందుగాల సమ్మయ్యకే చూపియ్యాలె. చూపిచ్చి, నువ్వెవరివే అని ఇయ్యాలన్న గట్టిగ అడుగాలె.

వరండల గంగవ్వ ఒక్కతే కూసున్నది. ఆమె కేసు గెలిచింది. తీర్పు కాయితం కోసం వచ్చింది.

"సమ్మయ్య ఏడమ్మా? మూడు వారాలాయె, కనవడ్తలేడు."

"మీకు తెల్వదా సారు?" గంగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "జరమొచ్చి పోయిండు. మొన్ననే ఆయన ఊరు కథలాపూర్ల పదోరోజు చేసిండ్రు. ఆయన పేషీకి తోలుకొచ్చినోళ్లం పదిమందిమి పోయినం."

జలపతి లోపలికొచ్చి, దుమ్ము దులిపి, మళ్ల తెరువాల్సిన కేసుల పాత కట్టలు విప్పుడు మొదలువెట్టిండు.

నాలుగేండ్ల కిందటి కట్టల, బాయి తవ్వంగ రాళ్లు పడి సచ్చిపోయిన ఒక్కగానొక్క కొడుకు కోసం కథలాపూర్ సమ్మయ్య పెట్టుకున్న దరఖాస్తు ఉన్నది, బంద్ నాడు దాన్ని కొట్టేసిన రాత జలపతిదే.